ముందు ఎవరు చావాలి? పోకెమాన్ షోడౌన్‌తో నా రెండేళ్ళు

కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రాత్రి తొమ్మిదికి రిజిస్టర్లు మూసి, ఇంటికొచ్చి, అన్నం తిని, డాబా మీద మడత మంచం వేసుకుని ఫోన్‌లో పోకెమాన్ షోడౌన్ తెరుస్తాను. పోకెమాన్ అనే జీవుల జట్లతో ఇద్దరు పోరాడే ఆట అది. రెండేళ్ళుగా ఇదే అలవాటు. పక్కన మా మేనల్లుడు ఉంటాడు. తొమ్మిదో తరగతి. మా అక్క వాళ్ళది మందస, వాడు చదువు కోసం మా ఇంట్లో ఉంటున్నాడు. హోంవర్కు అయ్యాక మాత్రమే పైకి రావాలని అక్క షరతు. వాడు ఆ షరతు తప్పింది లేదు.

ఈ షోడౌన్ గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకు కనపడలేదు. అందుకే రాస్తున్నాను. మా ఊళ్ళలాంటి ఊళ్ళలో ఇది ఆడదామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయిన పిల్లలు కొందరైనా ఉంటారని నా నమ్మకం.

పోకెమాన్ అసలు ఆట ఆడాలంటే నింటెండో స్విచ్ కొనాలి, దానికి గేమ్ వేరుగా కొనాలి. నేను చెప్పేది తొమ్మిదో తరం ఆటలు, స్కార్లెట్, వయొలెట్ గురించి. 2022 నవంబరు 18న వచ్చాయి. జీతం మీద బతికే ఇంట్లో ఆ ఖర్చు మాట ఎత్తలేం. కొన్నా, పోటీకి పనికొచ్చే ఒక్క పోకెమాన్‌ని తయారు చెయ్యాలంటే దాన్ని పట్టాలి, పెంచాలి, మందులు తినిపించాలి. అలా ఆరింటిని సిద్ధం చేసుకున్నాక తీరా చూస్తే జట్టు పొందిక కుదరలేదని తెలుస్తుంది. మళ్ళీ మొదటికి.

షోడౌన్‌లో ఆ బాధ లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు. జరెల్ అనే పేరుతో అందరికీ తెలిసిన గ్వాంగ్‌కాంగ్ లువో 2011లో మొదలుపెట్టిన యుద్ధాల సిమ్యులేటర్ ఇది. రూపాయి కట్టక్కర్లేదు, ఈమెయిల్ ఇవ్వక్కర్లేదు. ఒక పేరు పెట్టుకుని, దానికి పాస్‌వర్డ్ పెట్టుకుంటే అయిపోయింది. టీమ్ బిల్డర్‌లోకి వెళ్ళి పోకెమాన్ పేరు కొట్టి, నాలుగు దెబ్బలు ఎంచి, చేతికి ఒక వస్తువు ఇచ్చి, దాడి, వేగం లాంటివి పెంచే ఈవీ పాయింట్లు పంచితే రెండు నిమిషాల్లో పోకెమాన్ సిద్ధం. అసలు ఆటలో చాలాసేపు పట్టే పని అది. కుదరకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. మా డాబా మీద సిగ్నల్ రెండు గీతలే వస్తుంది, అయినా ఆట ఆగదు. వీడియోలాగా ఏమీ దిగుమతి కానక్కర్లేదు కదా, మనం ఏం నొక్కామో అంతే అటు వెళ్ళేది.

ఆట ఎవరితో పడుతుందో మన చేతిలో ఉండదు. లాడర్ మీద, అంటే రేటింగు కోసం ఆడే పోటీలో, అందరూ 1000 రేటింగుతో మొదలవుతారు. ఎంత ఓడినా దానికింద పడరు. కొత్తవాళ్ళకి అది పెద్ద ధైర్యం.

ఓయూ, అంటే ఓవర్‌యూజ్డ్, అనే విభాగంలో చాలామంది ఆడతారు. ఆ పేరు దగ్గర నేను కూడా పొరబడ్డాను. మా ఫ్యాక్టరీలో పప్పుకి డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని గ్రేడ్లుంటాయి. కొత్తగా చేరినవాళ్ళు అంకె పెద్దదైతే పప్పు పెద్దదనుకుంటారు. నిజానికి డబ్ల్యూ-320 అంటే పౌండుకి 300 నుంచి 320 గుండ్లు తూగేది, అంటే చిన్నది. ఓయూ కూడా అంతే. అందులో ఉన్నవి అన్నిటికన్నా బలమైనవి అనుకున్నాను. ఎక్కువమంది వాడుతున్నవి అని దాని అర్థం. మరీ బలమైనవాటిని అసలు ఆ విభాగంలోకే రానివ్వరు. ఈ తేడా తెలిశాక నేను బలం చూడటం మానేసి, జనం ఏం వాడుతున్నారో, దానికి నా దగ్గర జవాబు ఉందో లేదో చూడటం నేర్చుకున్నాను.

అది నేర్చుకోవడానికి ముందు ఒక జట్టు కట్టాను. దాని సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే దాడి జట్టు కట్టే ప్రతివాడూ మొదట ఇదే కడతాడు.

హాక్సోరస్, గార్‌చాంప్, డ్రాగోనైట్, రోరింగ్ మూన్. నాలుగూ డ్రాగన్ రకమే. (ప్రతి పోకెమాన్‌కీ నిప్పు, రాయి, డ్రాగన్ లాంటి ఒకటో రెండో రకాలుంటాయి, ఒక రకం ఇంకోదానికి లొంగుతుంది.) పక్కన కింగ్‌గాంబిట్, వోల్కరోనా. దాడి అంకెలు చూస్తే కడుపు నిండిపోతుంది. హాక్సోరస్‌కి 147, రోరింగ్ మూన్‌కి 139. ఒక్కొక్కటి ఒక్కో పిడుగు. లాడర్ మీదికి తీసుకెళ్ళి ఎనిమిది ఆటలాడితే ఏడు ఓడాను.

ఏడో ఓటమి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అవతలివాడు మొదటి ఎత్తులోనే నా వైపు నేల మీద రాళ్ళు పరిచేశాడు. స్టెల్త్ రాక్ అంటారు. ఆ తర్వాత మన వైపు నుంచి ఎవరు దిగినా ఆ రాళ్ళు గుచ్చుకుని కొంత ప్రాణం తగ్గిపోతుంది. మామూలువాళ్ళకి ఎనిమిదో వంతు, రాయికి లొంగేవాళ్ళకి పావు, రెండింతలు లొంగేవాళ్ళకి సగం. తర్వాత వాడు ఐరన్ వేలియంట్‌ని దించాడు. అది ఫెయిరీ, ఫైటింగ్ రకాలది. ఫెయిరీకి డ్రాగన్లు లొంగుతాయి, డ్రాగన్ దెబ్బ ఫెయిరీకి అసలు తగలదు. దాని మూన్‌బ్లాస్ట్ అనే ఫెయిరీ దెబ్బకి నా డ్రాగన్లు వరసగా పడ్డాయి. కింగ్‌గాంబిట్‌కి ఫైటింగ్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది, అదీ పోయింది. ఆ వేలియంట్‌ని ఆపగలిగేది నా దగ్గర వోల్కరోనా ఒక్కటే. నిప్పు ఫెయిరీ దెబ్బని తట్టుకుంటుంది, పురుగు ఫైటింగ్ దెబ్బని తట్టుకుంటుంది. ఆశగా దించాను. రాళ్ళ మీద కాలు పెట్టగానే సగం ప్రాణం పోయింది. రాళ్ళు గుచ్చుకోనివ్వని బూట్లు అనే వస్తువు దానికి పెట్టాలని నాకు అప్పటికి తెలియదు.

మంచం పక్కన కూర్చుని చూస్తున్న మేనల్లుడు అప్పుడన్నాడు: "మావయ్యా, అందరూ కొట్టీవోలే. బాగానే ఉంది. ముందల ఎవులు సస్తారో అనుకున్నావేటి?"

ఆ మాట దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. వాడు చెడుగుడు ఆడతాడు, స్కూలు జట్టులో ఉన్నాడు. మొదట కూతకి వెళ్ళేవాడు పాయింటు తేకపోయినా ఫర్వాలేదట. అవతల ఎవడు ఎటు కదులుతున్నాడో, ఎవడు కాలు పట్టేవాడో చూసొస్తే చాలట. నాలుగో కూతకి వెళ్ళేవాడికి దారి దొరుకుతుందట. దాడి జట్టంటే అదేనని నాకు ఆ రాత్రి తట్టింది. ఆరుగురూ బతకాలని కడితే దాడి జట్టు కాదు. ఎవరు ఎప్పుడు పోతారో, పోతూ పోతూ వెనకవాడికి ఏం ఇచ్చిపోతారో ముందే అనుకుని కట్టాలి.

రెండో జట్టు 2024 వేసవిలో కట్టాను. మొదట గ్లిమోరా. చేతికి ఫోకస్ శాష్ ఇచ్చాను. నిండు ప్రాణంతో ఉన్నప్పుడు ఎంత పెద్ద దెబ్బ పడినా ఒక్క పాయింటుతో నిలబెట్టే గుడ్డ అది. గ్లిమోరాకి నేల దెబ్బ నాలుగింతలు తగులుతుంది కాబట్టి అవతలివాడు మొదట దాన్నే కొడతాడు. కొట్టనీ. ఒక్క పాయింటుతో నిలబడి రాళ్ళు పరుస్తుంది. పైగా శరీరానికి తగిలే దెబ్బ కొడితే దాని గుణం (ఎబిలిటీ) వల్ల అవతలి వైపు విషపు ముళ్ళు కూడా పడతాయి. రెండు మూడు ఎత్తుల్లో పోతుంది. పోవడమే దాని పని.

పరిచిన రాళ్ళని అవతలివాడు ఊడ్చేస్తే గ్లిమోరా చావు దండగ. ఊడ్చే ఎత్తులు ఎక్కువగా రెండు రకాలు. ర్యాపిడ్ స్పిన్‌లాగా గిరగిరా తిరిగి తగిలేవి, డీఫాగ్‌లాగా గాలికి ఎగరగొట్టేవి. గోల్డెంగో రెండింటినీ అడ్డుకుంటుంది. దయ్యం రకం కాబట్టి స్పిన్ తగలదు. దాని గుణం వల్ల దాని మీద దెబ్బ కాని ఎత్తు ఏదీ పని చెయ్యదు, కాబట్టి డీఫాగ్ కూడా చెల్లదు. అది నిలబడి ఉన్నంతసేపు నా రాళ్ళు నేల మీదే. కొట్టడంలోనూ తక్కువ తినలేదు, ప్రత్యేక దాడి 133.

మూడోది గ్రేట్ టస్క్. నా వైపు రాళ్ళు పడితే ఊడ్చేది ఇదే. ఊడ్చిన ప్రతిసారీ దాని వేగం కూడా పెరుగుతుంది. నాలుగోది, నన్ను అంతగా ఏడిపించిన ఐరన్ వేలియంట్. దాని గురించి ఎక్కువ చెప్పను, ఓడినవాళ్ళకి తెలుసు.

డ్రాగోనైట్ దగ్గర మాత్రం నాకు మూడు రాత్రులు పట్టింది. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఆ మూడు రాత్రులూ నాకు పండగలాగే గడిచాయి. విషయం ఇది. డ్రాగోనైట్ డ్రాగన్ డాన్స్ చేస్తే దాడీ వేగమూ రెండూ ఒకటిన్నర రెట్లవుతాయి. దాని స్వభావం (నేచర్) ఏది పెట్టాలి? అడమెంట్ పెడితే దాడి 403, వేగం 259. జాలీ పెడితే దాడి 367, వేగం 284. నేను మొదట అడమెంట్ పెట్టాను. ఎవరైనా అదే పెడతారు, 36 పాయింట్ల దాడి ఎవడు వదులుకుంటాడు. డాన్స్ చేశాక వేగం 388 అవుతుంది. చాలనుకున్నాను. కానీ ఓయూలో డ్రాగపల్ట్ అనేది ప్రతి నాలుగైదు ఆటలకొకసారి నాకు ఎదురవుతుంది. దాని వేగం నిండుగా పెంచితే 421. నా డ్రాగోనైట్ ఒళ్ళంతా బలంతో ఉన్నా, అది ముందు కదిలి డ్రాకో మీటియర్ అనే డ్రాగన్ దెబ్బ వేసి పోయేది. జాలీ పెడితే? 284కి ఒకటిన్నర రెట్లు 426. అయిదంటే అయిదు పాయింట్లు ఎక్కువ. ఆ అయిదు పాయింట్ల కోసం 36 పాయింట్ల దాడి వదిలేశాను. ఆ మార్పు తర్వాత డ్రాగోనైట్ ఆటలు ముగించడం మొదలుపెట్టింది.

దానికి బూట్లు కూడా పెట్టాను. నిండు ప్రాణంతో ఉన్నప్పుడు దానికి తగిలే దెబ్బ సగమవుతుంది. రాళ్ళు గుచ్చుకుంటే పావు ప్రాణం పోతుంది, నిండు ప్రాణం ఉండదు, ఆ రక్షణా పోతుంది. బూట్లుంటే రాళ్ళు గుచ్చుకోవు. వోల్కరోనా విషయంలో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది.

ఈవీ పంపకం గురించి ఒక మాట. మొత్తం 510 ఇస్తారు, ప్రాణం, దాడి, వేగం లాంటి ఒక్కోదానికి 252 దాకా పెట్టొచ్చు, వందో లెవెల్లో నాలుగు పాయింట్లకి ఒకటి పెరుగుతుంది. దాడి జట్టుకి చాలామంది కళ్ళు మూసుకుని దాడికి 252, వేగానికి 252 పెట్టేస్తారు. ఎక్కువసార్లు అదే సరైనది. ఎప్పుడు సరైనది కాదో తెలియాలంటే ఎవరిని దాటాలో వాళ్ళ వేగం రాసుకుని కూర్చోవాలి. నేను ఫ్యాక్టరీ పాత బిల్లు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను.

ఆఖరున కింగ్‌గాంబిట్. దీని కోసమే మిగతా జట్టంతా కట్టానని చెప్పొచ్చు. దాని గుణం చిత్రమైనది. మన జట్టులో ఒక్కొక్కరు పడినకొద్దీ దాని దెబ్బ పది శాతం చొప్పున పెరుగుతుంది. ఐదుగురూ పోయాక దిగితే దెబ్బ ఒకటిన్నర రెట్లు. వేగం అడుగున ఉంటుంది, 50 మాత్రమే. అందుకే సక్కర్ పంచ్ అనే దెబ్బ ఇస్తాం. అవతలివాడు దెబ్బ కొట్టబోతే, వాడికన్నా ముందే ఇది తగులుతుంది. వాడు దెబ్బ కాకుండా ఇంకేదైనా చేస్తే, ఇది వృథా.

ఇప్పుడు ఆ ఆట చెప్తాను. రేటింగు 1500 దాటడానికి ఒక్క గెలుపు కావాలి. నా ఐదుగురూ పోయారు. కింగ్‌గాంబిట్ ఒక్కడే, ప్రాణం 40 శాతం. అవతల డ్రాగపల్ట్ ఒక్కటే, ప్రాణం సగం. అది ఫ్లేమ్‌త్రోయర్ అనే నిప్పు దెబ్బ వాడుతుందని ముందే చూశాను, విల్-ఓ-విస్ప్ కూడా చూశాను. ఫ్లేమ్‌త్రోయర్ వేస్తే నేను బతకను. విల్-ఓ-విస్ప్ అంటే ఒంటికి నిప్పంటించడం. దెబ్బ కాదు కాబట్టి సక్కర్ పంచ్ పని చెయ్యదు, పైగా ఒళ్ళు కాలితే నా దెబ్బ సగమైపోతుంది.

నేను సక్కర్ పంచ్ మీద వేలు పెట్టాను. మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒగ్గీ మావయ్యా. ఇందాకట్నుంచి రెండుసార్లు అదే కొట్టినావు. ఆడు సూసినాడు. ఇప్పుడు నిప్పెడతాడు."

"నిప్పెడితే నా దెబ్బ సగమైపోద్ది కదరా."

"సగమైనా సరిపోద్ది. దాని పేణం సగమే ఉన్నాది కదా."

గడియారం నడుస్తోంది. కౌటౌ క్లీవ్ అనే మామూలు దెబ్బ నొక్కాను. వేగంలో అది ముందు కదిలింది. విల్-ఓ-విస్ప్. నా కింగ్‌గాంబిట్ ఒళ్ళు కాలింది. కాలిన చేత్తోనే కొట్టింది. డ్రాగపల్ట్ పడిపోయింది. వాడు మంచం మీద నుంచి లేచి గెంతాడు, కింద నుంచి మా అమ్మ అరిచింది.

తర్వాత డ్యామేజ్ కాలిక్యులేటర్‌లో పెట్టి చూశాను. ఐదుగురు పోయిన కింగ్‌గాంబిట్ ఒళ్ళు కాలాక కూడా ఆ దెబ్బతో 297 నుంచి 351 దాకా తీస్తుంది. ఈవీలు పెట్టని డ్రాగపల్ట్ నిండు ప్రాణమే 317. సగం ప్రాణంతో బతికే అవకాశమే లేదు. పిల్లవాడు లెక్క వెయ్యకుండానే సరిగ్గా చెప్పాడు. చనిపోయిన ఐదుగురూ ఆ దెబ్బలో ఉన్నారు.

షోడౌన్ అచ్చంగా మంచిదేనా అంటే, నాకు నచ్చనివి ఉన్నాయి. టీమ్ బిల్డర్ చిన్న ఫోన్ మీద ఇరుకు. ఈవీ గీతని వేలితో జరుపుతుంటే కావలసిన అంకె దగ్గర ఆగదు, అంకె టైప్ చేసుకోవడమే మేలు. తెలుగు లేదు. కొత్తవాళ్ళకి ఏదీ నేర్పదు, రెడీమేడ్ సెట్లు చూపించి ఊరుకుంటుంది. అవి నొక్కి ఆడితే రేటింగు కొంత పెరుగుతుంది కానీ ఎందుకు గెలిచారో తెలియదు. అవతలివాడు ఓడిపోతున్నప్పుడు ఎత్తు వెయ్యకుండా కూర్చుంటాడు, టైమర్ మనమే నొక్కాలి. అది నాకు చాలా రోజులు తెలియక, గెలిచే ఆటలు వదిలేసి పడుకున్నాను. కొందరు చాట్‌లో బూతులు రాస్తారు. పిల్లలతో ఆడేవాళ్ళు అలాంటివాళ్ళని ఇగ్నోర్ చేసుకోవడం మొదటిరోజే నేర్చుకోవాలి.

ఇంకోటి, దీనివల్ల నాకు పెద్ద నష్టం జరిగింది. జట్లన్నీ బ్రౌజర్‌లో దాచుకున్నాను. గత ఏడాది ఫోన్ డిస్‌ప్లే పోతే రిపేరుకిచ్చాను. ఆ షాపతను అడక్కుండా ఫోన్ మొత్తం రీసెట్ చేసేశాడు. పదకొండు జట్లు పోయాయి. బిల్లు పుస్తకంలో రాసుకున్నది ఈ ఒక్క జట్టే. టీమ్ బిల్డర్‌లో బ్యాకప్ అనే బటన్ ఉంది. నొక్కితే జట్లన్నీ అక్షరాలుగా వస్తాయి. కాపీ చేసి ఎవరికైనా వాట్సాప్‌లో పంపుకుంటే చాలు. ఇప్పుడు ప్రతి ఆదివారం మా మేనల్లుడు వాళ్ళమ్మ నంబరుకి పంపుతున్నాను. ఆ అక్షరాలు ఏంటో అక్కకి తెలియదు, అడిగితే లెక్కలన్నాను. నిజమే కదా.

మొదలుపెట్టేవాళ్ళు రేండమ్ బ్యాటిల్ నుంచి మొదలుపెట్టండి. జట్టు అదే ఇస్తుంది, రకాలు ఒకదానికొకటి ఎలా లొంగుతాయో చేతికి వస్తుంది. మా వాడు ఆరు నెలలు అదే ఆడాడు, ఓయూలోకి రాకముందు. ఒక వంద ఆటలయ్యాక జట్టు కట్టండి. కట్టేటప్పుడు ఆరు పేర్లు రాసి, ప్రతి పేరు పక్కనా అది ఎప్పుడు పోవాలో, పోతే ఎవరికి దారి అవుతుందో ఒక వాక్యం రాయండి. వాక్యం రాయలేకపోయిన పేరు కొట్టేయండి. నా జట్టులో నాకు అలా రాయలేనిది ఇప్పటికి ఒకటి ఉంది, ఐరన్ వేలియంట్. ప్రేమ కొద్దీ ఉంచాను. దాన్ని తీసేసి డ్రాగపల్ట్ పెట్టమని మేనల్లుడు నెల రోజులుగా అంటున్నాడు. ఈ వారం పెట్టి చూస్తాను.